మాటకూ ఒక చదువుంది

ఇంటర్ ఫలితాలు వచ్చాయంటే చాలు, ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న. "పాపను దేంట్లో చేర్పిస్తాండారు?" జవాబులు మూడో నాలుగో. ఎంపీసీ అయితే ఇంజనీరింగు. బైపీసీ అయితే మెడిసిన్, సీటు రాకపోతే నర్సింగో ఫార్మసీయో. అవేవీ కాకపోతే కాస్త గొంతు తగ్గించి "ఏదో డిగ్రీలే" అంటారు. ఆ "ఏదో" కింద ఎన్ని మంచి చదువులు నలిగిపోతున్నాయో మనం పట్టించుకోం. ఈ వారం అలాంటి ఒక చదువు గురించి చెప్పుకుందాం. దాని పేరు భాషాశాస్త్రం. లింగ్విస్టిక్స్ అని కూడా అంటారు.

పేరు వినగానే రెండు అనుమానాలు వస్తాయి. ఇది తెలుగు పండితుల చదువా? కాదు. పద్యాలు, కావ్యాలు, ఛందస్సు సాహిత్యం కిందికి వస్తాయి. మరి నాలుగైదు భాషలు గడగడా మాట్లాడటం నేర్పిస్తారా? అదీ కాదు. నోట్లో ధ్వని ఎలా పుడుతుంది, ధ్వనులు కలిసి మాట ఎలా అవుతుంది, మాటలు కలిసి వాక్యం ఎలా అవుతుంది, మూడేళ్ల పిల్ల ఎవరూ పాఠం చెప్పకుండానే అదంతా ఎలా పట్టేస్తుంది, ఊరు మారితే మాట ఎందుకు మారుతుంది... ఇవీ ఈ చదువు అడిగే ప్రశ్నలు. ఇది తప్పు, ఇది ఒప్పు అని బెత్తం పట్టుకుని కూర్చునే శాస్త్రం కాదిది. "ఎందుకలా అంటున్నారు?" అని అడిగి, దాని వెనకున్న సూత్రం వెతుకుతుంది.

ఒక చిన్న ఉదాహరణ చూడండి. బస్సు బోర్డు మీద "ప్రొద్దుటూరు" అని ఉంటుంది. కండక్టరు మాత్రం "పొద్దుటూరు, పొద్దుటూరు" అని కేక వేస్తాడు. నాలుక తిరగక అలా అంటున్నాడని చదువుకున్నవాళ్లు నవ్వుకుంటారు. మరి "క్రొత్త చీర కొన్నాను" అని మనలో ఎవరైనా అంటున్నామా? "కొత్త చీర" అనే అంటాం. ప్రాత పోయి పాత అయింది. త్రాగడం పోయి తాగడం అయింది. మ్రాను పోయి మాను అయింది. ఇంకాస్త వెనక్కి వెళితే, తమిళంలో మానును "మరం" అంటారు. పొద్దును "పొళుదు" అంటారు. మరంలో రెండో అక్షరంగా ఉన్న "ర" తెలుగులో ముందుకు జరిగి మ్రాను అయింది. తర్వాత ఆ "ర" కూడా జారిపోయి మాను మిగిలింది. కండక్టరు నోట్లో ఉన్నది బద్ధకం కాదు, వందల ఏళ్ల చరిత్ర.

మన సీమ ఆడపిల్లలు ఎందరో బెంగుళూరులో కాపురాలు చేస్తున్నారు. వెళ్లిన వారంలోపే వాళ్లకు ఒక సంగతి తెలిసిపోతుంది. పాలు అక్కడ హాలు. పులి హులి. పండు హణ్ణు. పది హత్తు. పల్లె హళ్లి. మన "ప" వాళ్ల నోట "హ" అయింది. పాత కన్నడంలో అక్కడా "ప"యే ఉండేది, తర్వాతి కాలంలో మారింది. ఒక మాట మారడం కాదు, వరస పెట్టి అన్ని మాటలూ ఒకే పద్ధతిలో మారడం. దీన్నే భాషాశాస్త్రం ధ్వని మార్పు సూత్రం అంటుంది. పాలపాకెట్టు కొనడానికి వెళ్లిన ఇల్లాలు తనకు తెలియకుండానే ఆ శాస్త్రంలో మొదటి పాఠం చదివేసిందన్నమాట.

ఇంకొకటి మన ఆడవాళ్లకు సంబంధించినది. "అల్లుడు వచ్చాడు" అంటాం. "కోడలు వచ్చింది" అంటాం. "ఆవు వచ్చింది", "బస్సు వచ్చింది" అని కూడా అదే క్రియతో అంటాం. తమిళంలో ఆడమనిషి వస్తే "వందాళ్", కన్నడంలో "బందళు". ఆమెకంటూ ఒక క్రియారూపం ఉంది. తెలుగులో లేదు. అయితే నలుగురు కోడళ్లు కలిసి వస్తే? "కోడళ్లు వచ్చారు", అల్లుళ్లు వచ్చినట్టే. ఆవులూ బస్సులూ మాత్రం "వచ్చాయి". అంటే ఒంటరిగా ఉంటే మనకు ఆవుతో వరస, కలిసి ఉంటే మగవాళ్లతో వరస! మన భాషకు దగ్గర చుట్టాలైన గోండీ, కొలామీ భాషల్లో బహువచనంలో కూడా ఆడవాళ్లను మగవాళ్లతో కలపరు. ఎవరో కూర్చుని మనల్ని తక్కువ చేయాలని పెట్టిన నియమం కాదిది, భాషలో వేల ఏళ్ల కింద పడిన గీత. కానీ ఆ గీత అక్కడ ఉందని చూడటానికి కూడా ఒక చదువు కావాలి కదా.

"మన", "మా" తేడా చూడండి. ఇంగ్లీషువాళ్లకు రెండిటికీ ఒకటే మాట. మనకు వినేవాళ్లను కలుపుకుంటే "మన", వదిలేస్తే "మా". కొత్త కోడలు అత్తగారితో "మా ఇంట్లో ఇట్ల చేయరు" అంటే ఒక అర్థం, "మన ఇంట్లో" అంటే మరో అర్థం. ఆ ఒక్క అక్షరం మారడానికి కొన్ని ఇళ్లలో ఏళ్లు పడుతుంది. చుట్టరికాల మాటలూ అంతే. మేనత్తా అత్తే, మొగుడి తల్లీ అత్తే. మేనరికాలు చేసుకునే సంఘంలో ఆ రెండు వరసలూ ఒకే గడప దగ్గర కలుస్తాయి కాబట్టి మాట కూడా ఒకటైంది. వ్యాకరణం అంటే ఎక్కడో పుస్తకంలో ఉండేది కాదు, మన ఇంట్లోనే తిరుగుతుంటుంది.

మా కడప జిల్లాలో ఈ పాఠాలు ఒకేచోట వినాలంటే ఇడుపులపాయ వెళ్లాలి. వేంపల్లె పక్కన గుట్టల మధ్య ఉన్న ఆ చిన్న పల్లెలో 2008లో ట్రిపుల్ ఐటీ పెట్టారు. నూజివీడు, బాసరల్లో కూడా అప్పుడే పెట్టారు. పదో తరగతి మార్కుల మీద పల్లెటూరి పిల్లలకు సీట్లిచ్చి, రెండేళ్లు ఇంటర్‌తో సమానమైన చదువు, నాలుగేళ్లు ఇంజనీరింగు చెప్తారు. పిల్లలు అన్ని జిల్లాల నుంచీ వస్తారు. అక్కడ చదివే ఒక అమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు నాతో చెప్పిన కబుర్లు భలే ఉంటాయి. మనం ఎర్రగడ్డ అంటే కోస్తా పిల్లలకు ఉల్లిపాయ. మన తెల్లగడ్డ వాళ్ల వెల్లుల్లి. మన బొరుగులు వాళ్ల మరమరాలు. మన చెనిక్కాయలు వాళ్ల వేరుశెనక్కాయలు. మన గోగాకు వాళ్ల గోంగూర, తెలంగాణలో అదే పుంటికూర. "నాలుగు జిల్లాల పిల్లోళ్లం మెస్సులో కూర్చుంటే ఒక్క కూరకు మూడు పేర్లత్తా" అంటుందా పిల్ల.

ఆ అమ్మాయి ఇంకో మాట కూడా చెప్పింది. మొదట్లో "పోతాండా", "వస్తాండా" అంటే పక్కవాళ్లు సినిమా డైలాగు చెప్పమని అడిగేవాళ్లట. కొన్నాళ్లు మాట్లాడటమే తగ్గించిందట. ఇది ఆ ఒక్క పిల్ల కథ కాదు. 1990ల చివర నుంచి వచ్చిన ఫ్యాక్షన్ సినిమాల పుణ్యమా అని సీమ మాట అంటే తొడకొట్టే మాట అయిపోయింది. అది అమ్మ జోలపాడే మాట కూడా అని, జేజి కథ చెప్పే మాట కూడా అని చాలామంది మరిచిపోయారు. నేను కథలు రాస్తాను కాబట్టి ఈ బాధ నాకు కొంత తెలుసు. ఒక పత్రికకు పంపిన కథలో ముసలామె నోట "యాడికి పోతాండావు" అని రాస్తే, అచ్చులో "ఎక్కడికి వెళుతున్నావు" అని వచ్చింది. ఆ ముసలామె నా కథలోంచి లేచి వెళ్లిపోయినట్టనిపించింది.

ఈ "పోతాండా"ను భాషాశాస్త్రం ఎలా చూస్తుందో తెలుసా? పోతాండా, పోతాండావు, పోతాండాడు, పోతాండారు. వరస తప్పని నియమం ఉంది. "పోతూ ఉండు" నుంచి పుట్టిన రూపమిది. "పోతున్నాను"లో "ఉండు" అనే ధాతువు "ఉన్న" అయిపోయి దాక్కుంది, మన సీమ మాటలో అది కళ్లకు కనబడుతూనే ఉంది. ఏది మోటు, ఏది నాజూకు? శాస్త్రం దగ్గర ఆ తక్కెడే లేదు. బళ్లో, పరీక్షలో, ఉద్యోగంలో రాసే తెలుగు పిల్లలకు రావాలి, కాదనను. అది వచ్చినంత మాత్రాన ఇంటి మాటను గుమ్మం బయట వదలక్కర్లేదు. ఈ సంగతి అమ్మ చెబితే ఒక బలం, చదువు రుజువు చేసి చెబితే ఇంకా పెద్ద బలం.

అసలు భాష గురించి చదవడానికి మా జిల్లాను మించిన నేల ఏదుంది? ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా చెప్పుకునే కలమళ్ల శాసనం ఎర్రగుంట్ల పక్కనే ఉంది. ఇటు ప్రొద్దుటూరు, అటు జమ్మలమడుగు, ఇడుపులపాయకూ మరీ దూరం కాదు. క్రీస్తు శకం 575 ప్రాంతంలో రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు వేయించాడు. చుట్టూ రాజులు సంస్కృతంలో, ప్రాకృతంలో శాసనాలు చెక్కిస్తున్న కాలంలో, జనం మాటను రాయి మీదికి ఎక్కించిన నేల ఇది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, తాళపత్రాలు ఎత్తి రాయించాడు. ఆయన నిఘంటువు 1850ల మొదట్లో అచ్చయింది. ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరు మీద భాషా పరిశోధన కేంద్రం నడుస్తోంది.

మన భాషను ఆధారం చేసుకునే ఒక పెద్ద సంగతి బయటపడింది. తెలుగు, తమిళం, కన్నడం సంస్కృతం నుంచి పుట్టలేదని, వాటిది వేరే కుటుంబమని మద్రాసు కలెక్టరు ఎల్లిస్ 1816లో చెప్పాడు. ఎక్కడ చెప్పాడు? క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో. ఆ తర్వాత గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఒంగోలులో పుట్టిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు అమెరికాలో డాక్టరేటు చేసి వచ్చి, 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. అదే ఏడాది ఆయన ఆధ్వర్యంలో రైతుల మాటలతో మాండలిక వృత్తి పదకోశం వచ్చింది. తర్వాత చేనేతవాళ్ల మాటలతో మరో సంపుటం వచ్చింది. 2003లో ద్రావిడ భాషల మీద ఆయన రాసిన పుస్తకాన్ని కేంబ్రిడ్జివాళ్లు అచ్చు వేశారు.

ఆడవాళ్లు లేరా అంటే ఉన్నారు. ఉస్మానియాలోనే ఆచార్య కె. నాగమ్మ రెడ్డి తెలుగు ధ్వనుల మీద పరిశోధన చేశారు. ఢిల్లీలో పనిచేసిన అన్వితా అబ్బీ అండమాన్ దీవులకు వెళ్లి, అక్కడ అంతరించిపోతున్న భాషలను రికార్డు చేశారు. వాటిలో "బో" అనే భాష మాట్లాడే ఆఖరి మనిషి బోవా సీనియర్ అనే ముసలామె 2010 జనవరిలో కన్నుమూసింది. తన భాషలో మాట్లాడటానికి మనిషి లేక ఆమె పక్షులతో మాట్లాడేదట. ఆమె మాటలు ఈరోజు మిగిలి ఉన్నాయంటే, ఎవరో ఒకామె భాషాశాస్త్రం చదువుకుని, నోటుపుస్తకం పట్టుకుని ఆమె పక్కన కూర్చోబట్టే. అబ్బీ గారికి 2013లో పద్మశ్రీ ఇచ్చారు.

సరే, మన పిల్ల చదవాలంటే ఎక్కడ చదవాలి? ఇక్కడే చిక్కు. మన దేశంలో ఈ శాస్త్రం ఎక్కువగా ఎం.ఏ.లో మొదలవుతుంది. అప్పటికి మన పిల్లలు వేరే దారిలో చాలా దూరం పోయి ఉంటారు, లేదా పెళ్లయిపోయి ఉంటుంది. డిగ్రీ స్థాయిలోనే కావాలంటే కాశీ హిందూ విశ్వవిద్యాలయం, అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాల్లో బి.ఏ. ఆనర్స్ ఉంది. దగ్గర్లో అయితే హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎం.ఏ. ఉంది, లాంగ్వేజ్ సైన్సెస్ పేరుతో. హాస్టలు ఉంటుంది, ప్రైవేటు కాలేజీ ఫీజులతో పోలిస్తే ఖర్చు తక్కువే.

ఇంకో దారి ఉంది. దాని పేరూ ట్రిపుల్ ఐటీయే! ఇడుపులపాయది కాదు, హైదరాబాదు గచ్చిబౌలిలో 1998లో పెట్టినది. రెండూ వేర్వేరు సంస్థలు. అక్కడ కంప్యూటర్ సైన్సులో బీటెక్‌తో పాటు భాషాశాస్త్రం కలిపి చదివే అయిదేళ్ల కోర్సు ఉంది. ఎంపీసీ చదివి, భాషంటే కూడా ఇష్టమున్న పిల్లలకు సరిగ్గా అతికే చదువు. విడిగా పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు మాత్రం తక్కువేమీ కాదు, ముందే కనుక్కోవాలి.

మూడోది వైద్యం వైపు దారి. మాట ఆలస్యంగా వచ్చే పిల్లలు, నత్తి ఉన్నవాళ్లు, పక్షవాతం వచ్చి మాట పడిపోయిన పెద్దవాళ్లు మన చుట్టూ ఎందరు లేరు? వాళ్లకు మాట నేర్పే స్పీచ్ థెరపీ డిగ్రీ ఉంది. ఇంటర్నుషిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో 1965లో పెట్టిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ దీనికి పేరున్న చోటు. ఆ చదువులో భాషాశాస్త్రం ఒక పాఠ్యాంశం. పక్షవాతం వచ్చిన పొద్దుటూరు పెద్దాయనకు మాట మళ్లీ తెప్పించాలంటే, ఆయన ఇంటి మాట తెలిసిన అమ్మాయి చేస్తే ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

"ఇంతకీ ఉద్యోగం వస్తుందా?" అని అడుగుతారు. అడగాలి కూడా. ఇంజనీరింగులా క్యాంపస్ సెలక్షన్లు, బారులు తీరిన కంపెనీలు ఉంటాయని చెబితే అది అబద్ధం. అధ్యాపక ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి, పై చదువు తప్పదు. అయితే ఒక కొత్త తలుపు తెరుచుకుంది. ఇప్పుడు ఫోనుతో మాట్లాడితే అది వింటోంది, ఒక భాషలోది ఇంకో భాషలోకి మారుస్తోంది. కేంద్ర ప్రభుత్వం భారతీయ భాషల కోసం 2022లో "భాషిణి" మొదలుపెట్టింది. ఈ యంత్రాలకు భాష నేర్పాలంటే లెక్కలు వచ్చినవాళ్లు చాలరు, మాట గుట్టు తెలిసినవాళ్లు కావాలి.

ఇక్కడ మనకు నిజంగా పోయేదేమిటో చూడండి. యంత్రం తనకు వినిపించిన మాటే నేర్చుకుంటుంది. పుస్తకాల తెలుగు, వార్తల తెలుగు దానికి బోలెడంత దొరుకుతుంది. పులివెందుల దగ్గర చీనీతోట చూసుకునే ఆడమనిషి తన యాసలో అడిగింది దానికి అర్థం కాకపోతే తప్పెవరిది? ఆమెదే అంటారు, "సరిగ్గా మాట్లాడమ్మా" అంటారు. రేపు బ్యాంకు, ఆసుపత్రి, రేషను అన్నీ మాట వినే యంత్రాల మీద నడిస్తే, తన మాట చెల్లని మనిషి తన ఊళ్లోనే పరాయిదైపోతుంది. అలా కాకూడదంటే ఆ మాటను రికార్డు చేసి, పద్ధతిగా రాసి, యంత్రానికి నేర్పే పిల్లలు ఈ నేల నుంచే రావాలి.

అందుకే నేను కోరేది ఒకటుంది. మన చుట్టుపక్కల డిగ్రీ కాలేజీల్లో భాషాశాస్త్రం మేజర్‌గా చదివే అవకాశం రావాలి. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది, బ్రౌన్ కేంద్రం ఉంది, చుట్టూ శాసనాలున్నాయి, ఇడుపులపాయలో కంప్యూటర్లు నేర్చిన పిల్లలున్నారు. ఈ నాలుగింటినీ ఒక తాటి మీదికి తెస్తే పెద్ద ఖర్చేమీ కాదు. ముందు మేజర్ కాకపోయినా, తెలుగు, ఇంగ్లీషు, కంప్యూటర్సు చదివే పిల్లలు ఐచ్ఛికంగా తీసుకునే రెండు పేపర్లయినా పెట్టొచ్చు. కాలేజీల సమావేశాలకు తల్లులను పిలిచినప్పుడు ఫీజు, హాజరుతో పాటు ఈ మాట కూడా అడుగుదాం.

ఇంట్లో మనం చేయగలిగింది కూడా ఉంది. "అమ్మా, దీన్ని గెనిమ అని ఎందుకంటారు? అక్కడ గట్టు అంటారే" అని పిల్ల అడిగితే "పని లేదా నీకు" అనకండి. ఇడుపులపాయలో "పాయ" అంటే ఏటిపాయ, జడపాయ లాంటిదే అనుకుంటే, ఆ "ఇడుపు" ఏమిటని అడిగే పిల్ల ఉంటే ముచ్చటపడండి. ఒక నోటుపుస్తకం ఇచ్చి జేజి దగ్గర కూర్చోబెట్టండి. వంటింటి మాటలు, మగ్గం మాటలు, పొలం మాటలు, పురుడు మాటలు, పండగ మాటలు రాయమనండి. జేజి పోతే ఆ మాటలూ ఆమెతోనే పోతాయి.

మొన్నటిదాకా ఆడపిల్ల ఎక్కువ మాట్లాడితే తప్పన్నాం. ఈరోజు మాటనే చదువుతానని అడిగితే, కనీసం ఆ కోర్సు ఎక్కడుందో కనుక్కుని చెప్పే ఓపిక మనకుండాలి.